వెనక ఫ్యానుకు బిగించిన జాలీ

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు మొదట అడిగేది, మీరు ఏ కోర్సు చేశారని. నేను ఏ కోర్సూ చేయలేదు. పదో తరగతి అయ్యాక జహీరాబాద్ బస్టాండు వెనక ఒక ఫ్యాన్ల వైండింగ్ దుకాణంలో పన్నెండేళ్లు రాగి తీగ చుట్టాను. ఆ తర్వాత ఇరవై ఐదేళ్లు కంప్యూటర్లు బాగుచేశాను. యాభై మూడో ఏట దుకాణం మూశాను. అది విశ్రాంతి తీసుకునే వయసు కాదని నాకూ తెలుసు. ఎందుకు మూశానన్నది ఇందులోనే వస్తుంది.

నేను రాయబోయేది చాలా చిన్న పని గురించి. కంప్యూటర్ డబ్బాలోకి దుమ్ము పోకుండా దాని ఫ్యాన్లకు జాలీ పెట్టడం. బజారులో దాన్ని డస్ట్ ఫిల్టర్ అంటారు, మా దగ్గర జాలీ అంటాం. పది నిమిషాల పని. ఆ పది నిమిషాల పనిలోనే నా వృత్తిలోని మంచి చెడ్డలన్నీ ఉన్నాయి.

గది ఖాళీ అవుతుంది

ముందుగా ఒక సంగతి ఎవరూ చెప్పరు కాబట్టి చెబుతాను. ఇది ఒంటరి పని. మీరు సంచి దింపి స్క్రూడ్రైవర్ తీయగానే ఆ గదిలో ఉన్నవాళ్లు లేచి చాయ్ తాగడానికి పోతారు. వాళ్ల పని ఆగింది, మీ పని మొదలైంది, మధ్యలో మాట్లాడుకోవడానికి ఏముంటుంది? మీరు, మూత తీసిన డబ్బా, గోడ మీద క్యాలెండర్ మిగులుతారు. వాళ్లు తిరిగి వచ్చేసరికి తెర వెలుగుతూ ఉంటుంది. ఇక తెరనే చూస్తారు. మీరు సంచి సర్దుకుని వెళ్లిపోయిన సంగతి చాలాసార్లు గమనించరు కూడా.

నాకు పెళ్లి కాలేదు. కాబట్టి ఇంటికి వెళ్లినా అదే క్యాలెండరు, అదే నిశ్శబ్దం. ఒక దశలో నేను నా నోటుపుస్తకంతో మాట్లాడుతున్నట్టే ఉండేది. ఏ మెషీన్, ఏ ఊరు, మూత తీసినప్పుడు వేడి ఎంత, బిగించాక ఎంత, అన్నీ రాసుకునేవాణ్ని. తొమ్మిది నోటుపుస్తకాలు నిండాయి. కొత్తవాళ్లకు నా మాట ఇది: లెక్క రాయండి, కానీ లెక్క తోడు అనుకోకండి.

సంచి లెక్క

జహీరాబాద్ దుమ్ము ఒక రకం కాదు. హైవే పక్క దుకాణాల్లో బూడిదరంగు మెత్తని పొడి. అల్లం మండీలో ఎర్రమట్టి. చెరకు కోతల కాలంలో ఆకుల నూగు, కాలిన చెత్త మసి. ఇదంతా ఫ్యాను పీల్చుకుంటుంది. లోపల వేడిని బయటికి పంపే అల్యూమినియం రేకుల మధ్య దూదిపరుపులా పేరుకుంటుంది. వేడి పోయే దారి లేక మెషీన్ తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. జనం వైరస్ అంటారు. వందలో డెబ్బై సార్లు అది దుమ్ము.

ముందున్న ఫ్యాన్లు గాలిని లోపలికి పీలుస్తాయి. వెనకది బయటికి నెడుతుంది. అలా ఉండాలి. కానీ ఎవరో ఎప్పుడో తిప్పి బిగించి ఉంటారు. చూసి తెలుసుకోవడం కష్టం. మా వైండింగ్ దుకాణం ఉస్తాద్ దానికి ఒక మార్గం చెప్పాడు. ఆయన నోరు చెడ్డది, చెయ్యి మాత్రం బంగారం.

"గాలిని కండ్లతోటి జూస్తవారా గాడిద? బీడీ పొగ పెట్టు. పొగ ఎటు పోతె గాలి గటే" అనేవాడు.

నేను బీడీ తాగను కాబట్టి ఊదుబత్తి వాడేవాణ్ని.

ఇక జాలీ ఏ గుడ్డతో అన్నది. మొదట్లో తయారుగా దొరికేవి కావు. నైలాన్ దోమతెర చతురస్రంగా కత్తిరించి, పాత ఫ్రిజ్ తలుపు రబ్బరులో ఉండే అయస్కాంతపు పట్టీ తీసి అంచులకు అంటించేవాణ్ని. డబ్బా ఇనుమే కాబట్టి టక్కున అతుక్కునేది. కడగాలంటే పీకేయడమే. ఏ గుడ్డ ఎంత గాలిని మింగుతుందో తెలుసుకోవడానికి ఒక పెద్ద ప్లాస్టిక్ సంచిని ఫ్యాను ముందు పట్టుకుని, అది ఉబ్బడానికి ఎన్ని సెకన్లు పడుతుందో లెక్కపెట్టేవాణ్ని. జాలీ లేకుండా నాలుగు సెకన్లు. దోమతెరతో ఆరు. పలచని నూలు గుడ్డతో పదకొండు. అంటే నూలు గుడ్డ దుమ్మును బాగా ఆపుతుంది, గాలినీ ఆపుతుంది. దోమతెర పెట్టాక ఫ్యాను బలంలో మూడింట రెండు వంతులు మిగులుతాయి. ముందు రెండు ఫ్యాన్లుంటే, రెండూ కలిపి ఒక ఫ్యానూ ఇంకో ఫ్యానులో మూడో వంతూ బలం. వెనక ఒక ఫ్యాను. లోపలికి వచ్చేది బయటికి పోయేదానికంటే ఎక్కువ. అలా ఉంటేనే సందుల్లోంచి గాలి బయటికి పోతుంది తప్ప దుమ్ము లోపలికి రాదు.

ఈ లెక్క నేను ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. అందుకే దాని మీద నాకు కొంచెం ఎక్కువ గర్వం.

పొగ

లెక్కలో రాని సంగతి ఒకటుంది. మా ఊళ్లో ప్రతి దుకాణంలో పొద్దున్నే ఊదుబత్తి వెలిగిస్తారు. గురువారాలు లోబాన్, అంటే సాంబ్రాణి, పళ్లెం పట్టుకుని ఒకాయన దుకాణం దుకాణానికి వచ్చి మూలమూలకూ పొగ వేసి పోతాడు. కంప్యూటర్ సంపాదించి పెట్టే వస్తువు కాబట్టి దానికి ప్రత్యేకంగా పొగ. దసరాకు దాని నెత్తిన కుంకుమ. ఒక బట్టల దుకాణంలో కుంకుమ గుప్పెడు పై రంధ్రాల్లోంచి లోపలికి పడింది. స్విచ్ వేయగానే వెనక ఫ్యాను గోడంతా ఎర్రగా ఊదింది. యజమాని దణ్ణం పెట్టాడు.

నవ్వుకోవచ్చు. కానీ పొగలో జిగట ఉంటుంది. ఉత్త దుమ్ము అయితే జాలీని తడితే రాలిపోతుంది. పొగ పట్టిన దుమ్ము కంబళి అవుతుంది. రాలదు. సబ్బునీళ్లలో నానబెట్టి కడగాలి. ఊదుబత్తిని మానేయమని ఎవరికీ చెప్పకండి, వినరు, వినాల్సిన అవసరమూ లేదు. మెషీన్‌కు నాలుగడుగుల దూరం జరపమనండి. అది వింటారు.

కాంటా గది

చిరాగ్‌పల్లి దాటాక హైవే పక్కన ఒక ధర్మకాంట ఉండేది. లారీని మొత్తంగా ఎక్కించి తూచే కాంటా. దాన్ని నడిపే ఆపరేటర్ శరణప్ప. రాయికోడ్ దగ్గరి పల్లె మనిషి, నాకంటే ఆరేడేళ్లు చిన్న. రేకుల గదిలో కిటికీ దగ్గర కూర్చుని, లారీ ఎక్కగానే తూకం కంప్యూటర్లోకి ఎక్కించి చీటీ ముద్రించి ఇచ్చేవాడు. పదమూడేళ్లుగా అదే పని.

నేను సంచి దింపితే లేచి పోని మనిషి నా వృత్తి మొత్తంలో ఇతనొక్కడే. స్టూలు జరుపుకుని పక్కనే కూర్చునేవాడు.

"ఏం జేస్తున్నవ్ అన్నా గా సంచితోటి?"

"గాలి ఎంత వస్తుందో చూస్తున్నా."

"గాలిని గూడ కాంటా ఏస్తవా! చెప్పు మల్ల, చీటీ తీస్త. లారీ నంబరు ఏం రాయాలె?"

డబ్బా తెరిచి ఉండగానే జొన్నరొట్టెలు విప్పి సగం నాకు పెట్టేవాడు. ఆదివారాలు ఊరికి పోతూ నా దుకాణంలో ఒక గంట ఆగేవాడు. ఏమీ మాట్లాడుకోని ఆదివారాలు కూడా ఉన్నాయి. అవి నాకు ఎక్కువ ఇష్టం.

ఆ కాంటా యజమానిని అందరూ సేటు అనేవారు. చెడ్డవాడు కాదు, అనుమానం మనిషి. లక్ష్మీదేవి పటం సరిగ్గా కంప్యూటర్ పైన తగిలించి, రోజూ నాలుగు ఊదుబత్తులు డబ్బా పక్కన గుచ్చాలని ఆయన ఆర్డరు.

"సేటూ, పొగ జర దూరం పెట్టుండ్రి" అన్నాను ఒకసారి.

"లక్ష్మి యాడుంటె ఊదుబత్తి ఆడనే. నీ ఫ్యానుకు దగ్గొస్తె నాకేం? నువ్వున్నవ్ గద ఇంజనీరు సాబ్!"

పదో తరగతి వాణ్ని ఇంజనీరు సాబ్ అంటారు. నవ్వుతూ అంటున్నారో, నిజంగా అంటున్నారో నేను ఎప్పుడూ తేల్చుకోలేదు. వినడానికి మాత్రం బాగుండేది.

ఒక మార్చిలో ఆ మెషీన్‌కు జాలీలు బిగించాను. ముందు రెండు ఫ్యాన్లకు రెండు. తర్వాత వెనక ఫ్యాను చూశాను. మెషీన్ ఆపి ఉన్నప్పుడు హైవే గాలి ఆ రంధ్రంలోంచి కూడా దుమ్ము కొడుతుంది కదా అనిపించింది. మూడు రంధ్రాలకు మూడు జాలీలు. ఆ లెక్క నాకు అందంగా కనిపించింది. వెనకదాన్ని లోపలివైపు నుంచి, ఫ్యానుకూ డబ్బా గోడకూ మధ్య బిగించాను. శరణప్ప అప్పుడు కిటికీ దగ్గర లారీ చూసుకుంటున్నాడు.

జాలీలకు ముందు ప్రాసెసర్ వేడి డెబ్బై ఎనిమిది డిగ్రీలు. దుమ్మంతా దులిపి, జాలీలు బిగించాక యాభై తొమ్మిది. ఆ రెండు అంకెలను సేటుకు చూపించాను, శరణప్పకు చూపించాను. "ప్రతి సోమవారం ముందువి రెండూ కడుగు" అని చెప్పి వచ్చాను.

నా తప్పు ఏమిటో ఇప్పుడు ఒక్క వాక్యంలో చెప్పగలను. మొదటి లెక్క బాగా వచ్చిందని రెండో లెక్క వేయలేదు. బయటికి పోయే గాలికి జాలీ అడ్డం పెడితే, ముందు జాలీలను దాటిన సన్నపొడి, పొగ జిగట, అంతా దాని లోపలివైపు పేరుకుంటుంది. బయటినుంచి చూస్తే నల్లని దోమతెర శుభ్రంగానే కనిపిస్తుంది. మూత తీస్తే తప్ప తెలియదు.

పదకొండు మధ్యాహ్నాలు

మే నెలలో ఆ కంప్యూటర్ మధ్యాహ్నం రెండింటికీ నాలుగింటికీ మధ్య ఆగిపోవడం మొదలైంది. పదకొండు రోజులు వరసగా. ఆగినప్పుడల్లా శరణప్ప కాంటా అంకె చూసి చీటీ చేత్తో రాసిచ్చేవాడు. చేతి చీటీ అంటే హైవే మీద అనుమానం. అల్లం వ్యాపారి ఒకాయన తన లారీకి తూకం తక్కువ రాశారని సేటు దగ్గర గొడవ పెట్టాడు. సేటు తనకు తెలిసిన లెక్క వేశాడు, తూకం మార్చి డబ్బు తినడానికి శరణప్పే మెషీన్ ఆపుతున్నాడని. వ్యాపారుల లారీలు వచ్చేది మధ్యాహ్నమే, మెషీన్ ఆగేదీ మధ్యాహ్నమే. రేకుల గది ఎండకు కాలిపోయేదీ మధ్యాహ్నమేనని ఆయనకు తట్టలేదు.

నన్ను పిలిపించాడు. వెళ్లేసరికి శరణప్ప తలుపు చట్రం పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఇంజనీరు సాబ్, సాఫ్ చెప్పు. గీ మెషీన్ దానంతటది బందైతుందా, వీడు బంద్ జేస్తుండా?"

"నేనెందుకు జేస్త సేటూ? బిడ్డల మీద ఒట్టు."

"నిన్నడగలె. ఆయన్ని అడుగుతున్న."

కాసేపు చూసుకోనివ్వండని ఇద్దర్నీ బయటికి పంపాను. మూత తీశాను. ముందు జాలీలు కడిగినవి కడిగినట్టే ఉన్నాయి. వెనక చెయ్యి పెడితే గాలి లేదు. ఫ్యాను తిరుగుతోంది, గాలి లేదు. ఫ్యాను విప్పి వెనక జాలీ పీకాను. వేలి మందాన కంబళి.

దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాను. ఎంతసేపు ఆలోచించానని అడిగితే, ఆలోచించలేదు. తర్వాత చాలా కాలం ఆలోచించాను. ఈ ఒక్కటి బయటపడితే పదో తరగతి వాడు ఇంతకంటే ఏం చేస్తాడంటారు, హైవే మీద ఉన్న కాంటాలన్నిటికీ తెలుస్తుంది, ఇంజనీరు సాబ్ అనే మాట పోతుంది. నాకున్నది ఆ మాట ఒక్కటే.

సేటు లోపలికి వచ్చాడు. వెనకే శరణప్ప.

"మెషీన్ బాగానే ఉంది" అన్నాను.

జాలీ తీసేశాను కాబట్టి ఆ క్షణానికి అది నిజమే. లెక్కల మనిషికి అంతకంటే మంచి అబద్ధం దొరకదు.

శరణప్ప కోప్పడలేదు. నా వైపు వంగి, "మంచిగ జూసినవా అన్నా?" అన్నాడు.

"చూసిన."

"తాళంచేతులు ఆడ పెట్టి పో" అన్నాడు సేటు శరణప్పతో.

ఆ తర్వాత ఆ మెషీన్ ఒక్కసారి కూడా ఆగలేదు. శరణప్ప దొంగ అనడానికి అదే రుజువైంది. చూడుండ్రి, వాడు పోయిన దినం నుంచి మెషీన్ సక్కగున్నది, అని సేటు లారీ డ్రైవర్లందరికీ చెప్పాడు. హైవే మీద ఏ కాంటా కూడా అతన్ని తీసుకోలేదు.

ముప్పై ఒక్క ఆదివారాలు

అతను నా దుకాణానికి రాలేదు. నేను లెక్కపెడుతూ ఉన్నాను. ముప్పై ఒక్క ఆదివారాలు. అల్లం మండీలో మూటలు మోస్తున్నాడని ఎవరో చెప్పారు. మండీలో కంప్యూటర్ పని వస్తే, ఫోను ఎత్తకుండా ఉండిపోయాను. పని చేస్తున్నప్పుడు పక్కన ఎవరూ లేకపోవడం నాకు కొత్త కాదు. కానీ పక్కన ఒకరు కూర్చున్న రోజులు చూశాక ఆ ఖాళీ ఎంత పెద్దదో తెలిసింది.

ముప్పై రెండో ఆదివారం రాయికోడ్ బస్సు ఎక్కాను.

శరణప్ప గడప దగ్గర కూర్చుని భుజానికి నూనె రాసుకుంటున్నాడు. భార్య మహాదేవి పొయ్యి ముందు రొట్టెలు తడుతోంది. నన్ను చూసి ఎవరూ లేవలేదు. నేను నిలబడే చెప్పాను. జాలీ, జేబు, అబద్ధం, వరసగా. మహాదేవి చేతుల చప్పుడు ఆగింది.

శరణప్ప నూనె గిన్నె పక్కకు జరిపాడు. "సోమారం సోమారం కడిగిన అన్నా" అన్నాడు. "నువ్వు చెప్పిన రెండు కడిగిన. మూడోది ఉన్నదని నాకు చెప్పనే లేదు గద."

"చెప్పలేదు."

"నేనే ఏమన్న ఖరాబ్ జేసిన్నేమో అనుకున్న. నీళ్లు సరిగ ఆరకముందే పెట్టిన్నేమో అని. ఏడు నెలల సంది గదే సోంచాయిస్తున్న."

అతను నన్ను అనుమానించకుండా తనను తాను అనుమానించుకున్నాడు. ఇది నేను లెక్కలో వేసుకోని సంగతి.

మహాదేవి అడిగింది, "గా దినమే చెప్తె మీకేం పోతుండె?"

"పేరు పోతుండె."

"ఈయనది పోయింది గద. మా తమ్ముడు గూడ ఇంటికొస్తలేడు, దొంగ బావ అని."

క్షమించమని అడగబోయాను. శరణప్ప అడ్డుకున్నాడు.

"గదంత వద్దు. కాయితం రాసియ్యి. నీ దుకాణం ఠప్పా ఏసి. నేను నలుగురికి చూపిచ్చుకుంట."

అక్కడే, రొట్టెల పీట పక్కన కూర్చుని, బ్యాగులో ఉన్న లెటర్‌ప్యాడ్ మీద మూడు వాక్యాలు రాశాను. కాంటా కంప్యూటర్ ఆగిపోవడానికి కారణం నేను వెనక ఫ్యానుకు బిగించిన జాలీ. శరణప్ప ఎప్పుడూ దాన్ని ఆపలేదు. తప్పు కనిపించాక నేను ఆ జాలీని దాచి, మెషీన్ బాగానే ఉందని చెప్పాను.

శరణప్ప చదివాడు. "గీ ఆఖరిది తీసెయ్ అన్నా. ఇది జూస్తె నిన్ను ఎవ్వరు పిలువరు."

"ఉండనియ్యి" అంది మహాదేవి. "గది లేకుంటె ముందటి రెండు ఎవరు నమ్ముతరు?"

ఆమె చెప్పిందే సరైన లెక్క. దుకాణం ముద్ర వేసి ఇచ్చాను. రొట్టె పెట్టలేదు. నేనూ ఎదురుచూడలేదు.

మర్నాడు నేనే వెళ్లి సేటుకు చెప్పాను. ఆయన చీటీల కట్ట సర్దుతూ విన్నాడు.

"ఇన్ని దినాలు నోరు మూసుకున్నవ్, ఇంక జర మూసుకుంటె ఏమైతుండె? నాకు వేరే మనిషి కుదిరిండు. వాణ్ని తీసేయాల్నా?" కట్టకు రబ్బరు వేసి, "ఒకటి మాత్రం చెప్త. నా మెషీన్ల మీద చెయ్యి పెట్టకు ఇగ" అన్నాడు.

ఆయన్ని తప్పుపట్టను. నేనైనా అదే అంటాను.

దుకాణం

శరణప్ప ఆ కాయితం పట్టుకుని కాంటా కాంటాకు తిరిగాడు. ప్రతి చోటా యజమాని దాన్ని చదివాడు. చదివిన ప్రతివాడూ రెండు నిర్ణయాలు తీసుకున్నాడు, ఒకటి శరణప్ప గురించి, ఒకటి నా గురించి. మొదటిదానికి చాలామందికి టైము పట్టింది. రెండోదానికి పట్టలేదు. మొదటి ఏడు కాంటాల్లో ఖాళీ లేదన్నారు. ఎనిమిదో చోట, కర్ణాటక సరిహద్దు దాటాక, అతనికి పని దొరికింది. నా ఫోను మోగడం నెలనెలకూ తగ్గింది. కాంటాల నుంచి మండీకి, మండీ నుంచి బజారుకు కబురు పోయింది. రెండేళ్లు చూసి, షట్టరు దించేశాను.

కొత్తగా వచ్చేవాళ్లకు ఇంతకంటే చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. లోపలికి వచ్చే గాలికి జాలీ పెట్టండి, బయటికి పోయే గాలిని వదిలేయండి. బిగించిన నెలకు ఒకసారి, ఎవరూ పిలవకపోయినా వెళ్లి మూత తీసి చూడండి. మీరు పెట్టిన ప్రతి జాలీ గురించి దాన్ని కడగాల్సిన మనిషికి చెప్పండి. మెషీన్ ఆగినప్పుడు దాని ముందు కూర్చున్న మనిషి మీద ముందు అనుమానం వస్తుంది, ఎప్పుడూ. ఆ సమయంలో మూత లోపల ఏముందో చూడగలిగేది మీరొక్కరే. మీరు ఒంటరిగా ఉంటారని మొదటే చెప్పాను. ఆ ఒంటరితనంలో ఎవరూ చూడరు కాబట్టే అది ప్రమాదం.

కిందటి చలికాలం బీదర్ వైపు పోతూ, శరణప్పకు పని దొరికిన కాంటా దగ్గర బస్సు దిగాను. గది పెద్దది, పైన సిమెంటు కప్పు. నేను రాసిన కాయితం ప్లాస్టిక్ అతికించి కిటికీ పక్కన గోడకు ఉంది. చీటీ కోసం నిలబడిన ఒక డ్రైవరు పెదాలు కదుపుతూ దాన్ని చదువుతున్నాడు. నేను రాసినవాటిలో ఎక్కువమంది చదివింది అదే అయి ఉంటుంది.

శరణప్ప జుట్టు నెరిసింది. నన్ను చూసి లేచాడు. "చాయ్ తాగుతవా?" అన్నాడు. ఎదురుగా ఉన్న హోటలుకు కేకేశాడు. ఇంతలో లారీ ఎక్కింది, కిటికీ వైపు తిరిగాడు.

నా చెయ్యి ఊరుకోలేదు. కంప్యూటర్ వెనక అరచెయ్యి పెట్టాను. వెచ్చని గాలి నిండుగా తగిలింది. వెనక జాలీ లేదు. ముందు రెండూ కడిగి ఉన్నాయి. ఊదుబత్తి అవతలి గూట్లో, ఆరడుగుల దూరంలో ఉంది.

"నెలకొకపారి మూత తీసి జూస్త" అన్నాడు శరణప్ప, తల తిప్పకుండానే. "ఎవ్వర్నీ పిలువ."

మెషీన్ చుట్టూ ఇంకొకసారి చూశాను. నేను ముట్టుకోవాల్సింది ఏదీ లేదు. కాంటా మీది లారీ వెనక ఇంకో రెండు లారీలు హారన్ కొడుతున్నాయి. చాయ్ వచ్చింది. నిలబడి తాగాను. గ్లాసు కిటికీ అంచున పెట్టి, రోడ్డు మీదికి వచ్చాను.